పెలికన్ ముంగిట వెల్డా

యూనిఫారం వంటింటి బల్ల మీద పరిచి ఉంది. మెరూన్ రంగు ప్యాంటు, ఇత్తడి గుండీల పొట్టి కోటు, పక్కన చిన్న టోపీ. కోటు జేబు మీద తెల్లదారంతో కుట్టిన గూడబాతు బొమ్మ, దాని కింద పెలికన్ అన్న పేరు.

దాన్ని అక్కడ పరిచింది జెల్లా. కోడలి మంచం కింద కాగితం సంచిలో దొరికితే పొద్దున్నే తీసుకొచ్చి, చేతులూ కాళ్ళూ సాపు చేసి మరీ పెట్టింది. ఇప్పుడు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అలసందలు వలుస్తోంది.

"మిసెస్ క్రాండల్‌కి ఒంట్లో ఎలా ఉంది?" అంది తలెత్తకుండా.

వెల్డా పెనం మీద బేకన్ తిరగేసింది.

"ఐదు వారాలుగా సాయంత్రాలు వెళ్ళి సేవ చేస్తున్నావు కదా. మంచం పట్టిన మనిషి ఇలాంటి టోపీ పెట్టుకుని రమ్మందా?"

"నా మంచం కింద మీకేం పని అత్తయ్యా?"

"ఊడుస్తుంటే దొరికింది."

"మీరు చీపురు పట్టుకుని మూడేళ్ళయింది."

బల్లకి అవతలి చివర ఆర్వల్ టాకెట్ కాఫీ కప్పు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాడు. చమురు బావుల దగ్గర పని. ఎంత తోమినా గోళ్ళ కింద నలుపు పోదు. వెల్డాతో ఇరవై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాడు, ఆమె అబద్ధం ఆడగలదన్న సంగతి ఈ ఉదయమే తెలిసింది.

"పెలికన్ అంటే, చెస్టర్ అవెన్యూలో ఉన్న డ్రైవ్-ఇన్ హోటలు కదూ," అన్నాడు. "కుర్రకారు సాయంత్రమైతే కార్లేసుకుని చుట్లు కొట్టే చోటు."

"అదే."

"అక్కడ నువ్వేం చేస్తావు?"

"కార్ల దగ్గరికెళ్ళి ఏం కావాలో అడుగుతాను. తెచ్చి ట్రే కిటికీకి తగిలిస్తాను. తిన్నాక తీసేస్తాను."

"హారన్ కొడితే వెళ్తావన్నమాట."

"లైట్లు వెలిగించి ఆర్పుతారు. మర్యాద తెలియనివాళ్ళు హారన్ కొడతారు."

"హారన్ కొడితే పరిగెత్తుకొచ్చే ఆడదాన్ని ఏమంటారో తెలుసా?"

వెల్డా పొయ్యి కట్టేసింది. వెనక్కి తిరిగి భర్త వైపు సూటిగా చూసింది.

"ఏమంటారు? చెప్పు."

ఆర్వల్ చెప్పనక్కర్లేదన్నట్టు కాఫీ గుటక వేశాడు. 

అప్పుడే జుట్టుకి పిన్నులు పెట్టుకుని లనెల్ వచ్చింది. ఈ మేలో పదిహేడు నిండిన పిల్ల. గుమ్మంలోనే ఆగిపోయి, బల్ల వంక చూసి, "దీన్నెవరు బయటికి తీశారు?" అంది.

జెల్లా చేతులు ఆగాయి. "అంటే, అది లోపల ఉందని నీకు తెలుసన్నమాట."

లనెల్ ముఖం ఎర్రబడింది. కాని వెనక్కి తగ్గే పిల్ల కాదు.

"నిన్ననే తెలిసింది. నాన్నా, అమ్మని మానెయ్యమని చెప్పు. మా బళ్ళో సగంమంది అక్కడే ఉంటారు. నేను ఎవరి మొహం చూడాలి?"

"నా మొహం చూడొచ్చు," అంది వెల్డా. "నిన్న చూశావు కదా."

"అమ్మా, వద్దు."

"నీకు వద్దేమో. నిన్న సాయంత్రం ఏడు గంటలప్పుడు, ఆర్వల్, నా వరసలోకి ఆకాశం రంగు షెవ్రొలే వచ్చింది. కొత్తది. ముందు సీట్లో మన పిల్ల. నేను వెళ్ళి ఏం కావాలని అడిగాను. బండి తోలే అబ్బాయి నన్ను కిందనుంచి పైదాకా చూసి, గస్ ఈ మధ్య వృద్ధాశ్రమం నుంచి మనుషుల్ని తెస్తున్నాడన్నాడు. నీ కూతురు నవ్వింది."

"నేను నవ్వలేదు."

"నవ్వావు. అది పోనీ. నేను కదలకుండా నిలబడితే వాడికి అనుమానం వచ్చింది. ఈవిడ నీకు తెలుసా అని అడిగాడు. ఆ తర్వాత ఏమన్నావో నువ్వే చెప్పు."

లనెల్ తల పక్కకి తిప్పుకుంది.

"ఎప్పుడూ చూళ్ళేదంది," అంది వెల్డా. "రెండు చెర్రీ సోడాలు, ఒక హాంబర్గర్, ఉల్లిపాయ లేకుండా. తెచ్చి ఇచ్చాను. థాంక్యూ మేడమ్ అంది. ఇంట్లో ఎప్పుడూ అనదు."

ఆర్వల్ కప్పు కింద పెట్టాడు. "ఎవడు వాడు?"

"రాడ్నీ యాష్బీ," అంది లనెల్ మెల్లగా.

"ట్రాక్టర్లమ్మే యాష్బీ కొడుకా?"

ఆ పేరు విని జెల్లా కూడా తలెత్తింది. నది అవతల పెద్ద ఇళ్ళలో ఉండేవాళ్ళు. నదికి ఇవతల ఆయిల్‌డేల్‌లో చెక్క ఇళ్ళలో ఉండే టాకెట్ల పిల్ల వాళ్ళ కారులో కూర్చుందన్న మాట, ఆ క్షణాన, ఇంట్లో ఇద్దరికి గర్వంగానే తోచింది. వెల్డా అది గమనించింది. అంతకు ముందు జరిగిన దానికన్నా అదే ఆమెని ఎక్కువ పొడిచింది.

"పిల్ల చేసింది తప్పే," అన్నాడు ఆర్వల్. "కాని కన్నతల్లిని తెలియదనే గతి దానికి పట్టించిందెవరు?"

"నేనంటావు."

"ఇంకెవరు? మనం ఓక్లహోమా నుంచి వచ్చి పత్తి చేలల్లో గుడారం వేసుకున్న రోజులు మర్చిపోయావా? ఓకీలు, ఓకీలు అంటూ ఊళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదు. సినిమాకెళ్తే అందరితో కాకుండా విడిగా మేడ మీద కూర్చోమనేవాళ్ళు. ఆ చేలోంచి నిన్ను బయటికి తెచ్చింది వాళ్ళ పిల్లలకి ట్రేలు మొయ్యడానికా?"

"నువ్వు తేలేదు. ఇద్దరం కలిసి బయటపడ్డాం. నా భుజం మీదా గోనెసంచి ఉండేది."

"మరి ఇప్పుడేం తక్కువైందని? ఇంట్లో తిండి లేదా? నేను తాగి తిరుగుతున్నానా?"

"నువ్వేదో తక్కువ చేశావని వెళ్ళలేదు ఆర్వల్."

"మరెందుకు?"

 ఐదు వారాల క్రితం బస్సు కిటికీలోంచి ఆ రేకుల పందిరి, దాని కింద తిరుగుతున్న ఆడపిల్లల వేగం చూసి, తర్వాతి స్టాపులో ఎందుకు దిగిందో వెల్డాకే సరిగా తెలియదు.

"ఆ పని నాకు బాగా వచ్చు," అంది చివరికి. "ఒకేసారి ఎనిమిది కార్లు చెప్పినవి కాగితం లేకుండా గుర్తుపెట్టుకుంటాను. ఎవరికి ఉల్లిపాయ వద్దో, ఎవరికి ఐస్ వద్దో. ఇరవై ఏళ్ళలో ఇలాంటి మనిషిని చూళ్ళేదన్నాడు గస్."

"గస్ ఎవడు?"

"హోటలు యజమాని. అరవై రెండేళ్ళు. కడుపులో పుండు. ఇంకేమైనా అడగాలా?"

"నిన్నెవడూ మెచ్చుకోలేదని వెళ్ళావన్నమాట," అంది జెల్లా కిటికీ దగ్గర్నుంచి. "నేను ఏడుగుర్ని కన్నాను. ఇద్దర్ని దారిలో పాతిపెట్టి వచ్చాను. నన్నెవరూ మెచ్చుకోలేదు."

"మీరు ఎవర్నీ మెచ్చుకోలేదు కూడా."

ఆర్వల్ లేచాడు. గోడ మేకుకి వేలాడుతున్న ట్రక్కు తాళాలు తీసి చొక్కా జేబులో వేసుకుని, జేబు మూత గుండీ పెట్టుకున్నాడు.

"ఈ రోజు నువ్వు వెళ్ళడం లేదు," అని పెరట్లోకి నడిచాడు.

బేకన్ చల్లారిపోయింది. మొక్కజొన్న రొట్టెతో దాన్ని జెల్లా ఒక్కతే తింది.

*

పని ఐదింటికి. నాలుగవుతుంటే వెల్డా యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది.

లనెల్ పడగ్గది గుమ్మంలో నిలబడింది. పిన్నులు తీసేసింది. నీలం గౌను, మెడలో చిన్న రుమాలు. పొద్దుటి పొగరు పోయి, బతిమాలుతున్న గొంతు.

"ఈ ఒక్క రోజు వెళ్ళకు అమ్మా. రాడ్నీ ఈ సాయంత్రం అందరి ముందూ నాకు తన బడి ఉంగరం ఇస్తానన్నాడు. అంటే ఇంక నేను తన పిల్లనని అందరికీ తెలిసినట్టు."

"మంచిదే. ఇమ్మను."

"అక్కడే ఇస్తాడు. వాళ్ళ స్నేహితులందరూ అక్కడికే వస్తారు."

"ఊళ్ళో తినే చోట్లు ఇంకా ఉన్నాయి."

"అది మా చోటు. నువ్వే ఇంకో చోటు చూసుకో."

"నువ్వు అక్కడ అడుగుపెట్టింది నిన్న. నేను ఐదు వారాలుగా ఉన్నాను."

లనెల్ గొంతు తగ్గించింది. "నేను నది అవతల ఓలియాండర్ వైపు ఉంటాననుకుంటున్నాడు. నా స్నేహితురాలు ప్యాట్సీ వాళ్ళింటి ముందు దింపుతాడు. తను వెళ్ళేదాకా వాళ్ళ వాకిట్లో నిలబడి, తర్వాత బస్సెక్కి వస్తాను."

ఇస్త్రీపెట్టె ఆగింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండు నెలలు."

"అయితే అబద్ధం నాకంటే నీకే బాగా వచ్చు."

"నువ్వు ఇవాళ వెళ్తే నేను జన్మలో నీతో మాట్లాడను."

"నిన్న మాట్లాడావా?"

వీధి తలుపు గోడకేసి కొట్టుకున్న చప్పుడు పెరటి దాకా వినిపించింది. లనెల్ బస్సు స్టాపు వైపు విసవిసా వెళ్ళిపోయింది.

వెల్డా బట్టలు వేసుకుని బూట్ల కోసం చూసింది. మంచం కింద లేవు. వెనక వసారాలో, నీళ్ళ బకెట్లో తేలుతున్నాయి. తెల్లటి కాన్వాసు బూట్లు.

"మురికి పట్టాయని నానబెట్టాను," అంది జెల్లా. "రేపటికి ఆరతాయి."

వెల్డా బూట్లు తీసి, ఒక్కొక్కటీ పిండి, మెట్టు మీద కూర్చుని తొడుక్కుంది. తాళ్ళు లాగి ముడి వేస్తుంటే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. జెల్లా కన్నార్పకుండా చూసింది. కోడలు గట్టిగా ఏదైనా అంటే ఆవిడకి హాయిగా ఉండేది.

ఆర్వల్ గేటు దగ్గర ట్రక్కు బానెట్ ఎత్తి ఏదో బిగిస్తున్నాడు.

"ఆ గేటు దాటితే," అన్నాడు వంగిన నడుము ఎత్తకుండా.

"దాటితే?"

ఆర్వల్ చేతిలో స్పానర్ ఉంది, దాంతో అప్పటికే బిగిసిన నట్టుని ఇంకోసారి బిగించాడు. వెల్డా గేటు తీసుకుని బయటికి వెళ్ళి, మళ్ళీ జాగ్రత్తగా వేసింది.

బూట్లు పిండుకుని తొడుక్కునేసరికి బస్సు వెళ్ళిపోయింది. పెలికన్ రెండున్నర మైళ్ళు, నడవాల్సిందే. ఇన్నాళ్ళూ సంచిలో దాచుకుని వెళ్ళిన యూనిఫారం ఈ రోజు పట్టపగలు ఒంటి మీదుంది. చర్చిలో తన పక్క బెంచీలో కూర్చునే మిసెస్ హాబ్స్ మొక్కలకి నీళ్ళు పడుతూ చూసింది. చూసి, పైపు పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది.

వంతెన మీద ఎండ తగ్గలేదు. కింద కెర్న్ నదిలో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ. అడుగు వేసినప్పుడల్లా బూట్లు చప్పుడు చేస్తున్నాయి. వంతెన దిగేసరికి శనివారం కార్లు మొదలయ్యాయి. ఊరి నడిబొడ్డున కూడలి దాకా వెళ్ళడం, తిరిగి పెలికన్ దాకా రావడం, చీకటి పడేదాకా అదే పని. ఎక్కడికీ వెళ్ళక్కర్లేని పిల్లలు నడిచే మనిషికన్నా నెమ్మదిగా కార్లు నడుపుతారు.

ఒక కారు ఆమె పక్కనే పాకుతూ వచ్చింది. "ట్రే ఎక్కడ మర్చిపోయావు పెద్దమ్మా?"

ఇంకో కిటికీలోంచి ఇంకొకడు, "గూడబాతు ఎగరడం మర్చిపోయిందిరా. కాళ్ళీడుస్తోంది చూడు."

ఆమె ముందుకే చూస్తూ నడిచింది. ఆకాశం రంగు షెవ్రొలే రేడియో మోగించుకుంటూ దాటిపోయింది. ముందు సీట్లో నీలం గౌను పిల్ల ఒక్కసారిగా కిందికి వంగింది, కాలి దగ్గర ఏదో జారిపోయినట్టు. కారు మలుపు తిరిగేదాకా ఆ తల పైకి లేవలేదు.

*

"ఐదు నిమిషాలు ఆలస్యం," అన్నాడు గస్. తర్వాత ఆమె కాళ్ళ వంక చూసి, "నదిలో నడిచొచ్చావా?" అని ఇంకేం అడగకుండా వంటగదిలోకి వెళ్ళాడు.

తనతో పాటు పనిచేసే డోరీన్ తన లాకరులోంచి పొడి మేజోళ్ళు తెచ్చిచ్చింది. డోరీన్‌కి నలభై దగ్గర పడుతోంది. ఇద్దరు మొగుళ్ళని చూసి, ఇప్పుడెవరూ లేకుండా ఉంది. ప్రశ్నలు వెయ్యదు, అదే ఆవిడలో వెల్డాకి నచ్చిన గుణం.

ఆరున్నరకి పందిరి చుట్టూ కార్లు నిండాయి. వెల్డా వరస నాలుగో నంబరు నుంచి పదకొండు దాకా. నాలుగు చిక్కటి పాల మాల్టులు, రెండు ప్లేట్లు వేయించిన బంగాళాదుంపలు, ఐస్ లేని రూట్ బీర్ సోడా, మాడిన అంచుల హాంబర్గర్. ఒక్కటీ తప్పలేదు. చేతి మీద ట్రే నిలబడ్డప్పుడు ఆమె నడకే వేరు.

ఏడింటికి నాలుగో నంబరులోకి ఒక పాత ట్రక్కు వచ్చి ఆగింది. దాని లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి. ఆమె దగ్గరికెళ్ళే వరకు ముఖం కనబడలేదు.

"ఏం కావాలి?" అంది, అందరినీ అడిగినట్టే.

"ఇంటికి రా," అన్నాడు ఆర్వల్.

"అది మా వంటగదిలో దొరకదు. ఇంకేమైనా?"

"అయితే ఇక్కడే కూర్చుంటాను. ఇది మూసేదాకా."

"ఏదో ఒకటి తీసుకోకుండా ఇక్కడ బండి ఆపకూడదు."

"కాఫీ."

తెచ్చింది. ట్రే కిటికీకి తగిలించింది. అతను ఒక గుక్క తాగి, "చల్లారిపోయింది," అన్నాడు.

బావుల దగ్గర ఏళ్ళ తరబడి డబ్బాలో చల్లారిన కాఫీ తాగే మనిషి. వెల్డా కప్పు తీసుకెళ్ళి వేడిది తెచ్చింది.

"చేదుగా ఉంది."

మళ్ళీ తీసుకెళ్ళింది. మూడోసారి పాలు కలిపి తెచ్చింది.

"పాలు వద్దన్నాను."

"అనలేదు. నువ్వేమన్నావో నాకు గుర్తుంటుంది ఆర్వల్. మాట మాటా గుర్తుంటుంది."

అతను కళ్ళు దించుకున్నాడు. కాని బండి కదల్చలేదు.

అప్పుడే పక్కన ఐదో నంబరు ఖాళీ అయింది. షెవ్రొలే అందులోకి దూరింది. ఆగీ ఆగకముందే హారన్ గట్టిగా మోగింది, ఆగకుండా. రాడ్నీ యాష్బీ మోచేయి హారన్ మీద పెట్టి వెనక్కి తిరిగి స్నేహితులతో మాట్లాడుతున్నాడు. వెనక సీట్లో ఇద్దరు. ముందు లనెల్. ఎడమ పక్కనున్న ట్రక్కుని ఆ పిల్ల గుర్తుపట్టింది. ఆ తర్వాత అద్దంలోంచి ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ కూర్చుంది. వేలికి అప్పుడే ఉంగరం ఉంది, ఇక్కడిదాకా ఆగకుండా రాడ్నీ దార్లోనే తొడిగేశాడు. వదులైతే లోపల దారం చుట్టారు.

వెల్డా వెళ్ళింది. రాడ్నీ నాలుగు మాల్టులు చెప్పాడు. తెచ్చాక, చాక్లెట్ కాదు స్ట్రాబెర్రీ అన్నాడు. స్ట్రాబెర్రీ తెచ్చాక, స్పూన్లు మురికిగా ఉన్నాయన్నాడు. స్పూన్లు మార్చింది. ప్రతిసారి వెనక సీటు నవ్వింది.

"మేం నిన్ను వంతెన దగ్గర చూశాం," అన్నాడు. "బస్సు దొరకలేదా? అయినా ఓకీలకి నడక కొత్తేం కాదులే. ఓక్లహోమా నుంచి అలాగే వచ్చారట కదా."

"ఇంకేమైనా కావాలా?"

"ఉండు, వీళ్ళకి ఒకటి చూపించాలి." అతను మళ్ళీ హారన్ నొక్కాడు, ఆమె కిటికీ పక్కనే నిలబడి ఉండగా. "చూశారా? దీన్ని కొడితే చాలు, వచ్చేస్తుంది. ఇంట్లో మొగుడు కూడా ఇలాగే కొడతాడేమో. ఒకసారి కొడితే అన్నం, రెండుసార్లు కొడితే..."

మాట పూర్తి కాలేదు. ట్రక్కు తలుపు తెరుచుకోవడం ఎవరూ గమనించలేదు. ఆర్వల్ చెయ్యి ట్రే మీదుగా లోపలికి వెళ్ళి రాడ్నీ కాలరు పట్టుకుంది. ఒక మాల్టు ఒలికి సీటంతా పాకింది.

చుట్టూ కార్లలో రేడియోలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వదులు," అంది వెల్డా.

"వీడేమన్నాడో విన్నావా?"

"విన్నాను. పొద్దున కూడా విన్నాను. వాడు మన వంటింట్లో లేడు, అయినా వాడి నోటికీ అదే మాట వచ్చింది. వాణ్ణి కొడితే నిన్నెవరు కొట్టాలి?"

ఆర్వల్ ముఖం ముందు కోపంతో, తర్వాత ఇంకోదానితో నల్లబడింది. వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి. అతని చెయ్యి వెనక్కి వచ్చాక, తెల్ల కాలరు మీద చమురు మరక మిగిలింది.

అతను కారు లోపలికి చూసి, "లనెల్, దిగు," అన్నాడు.

రాడ్నీ కాలరు సర్దుకుంటూ పక్కకి తిరిగాడు. "నీ పేరు ఇతనికెలా తెలుసు?"

లనెల్ వేలి మీద ఉంగరం తిప్పుకుంది. 

"అడుగుతున్నాను. ఎవరితను?"

"మా నాన్న."

వెనక సీట్లో ఒకడు ఈల వేశాడు. రాడ్నీ ఆర్వల్‌నీ, ట్రక్కునీ, ఆ తర్వాత కిటికీ పక్కన నిలబడ్డ ఆవిణ్ణీ వరసగా చూశాడు.

"మరి ఈవిడ?"

వెల్డా కదల్లేదు. చెప్పొద్దని గాని, చెప్పమని గాని ఆమె ముఖంలో ఏం లేదు. నిన్న అడిగిన ప్రశ్నే, నిన్నటి చోటే. లనెల్ తల్లి వైపు చూసింది. నోరు తెరిచింది. అంతలో మళ్ళీ మూసుకుంది.

ఆ మౌనం చాలినంత పొడుగ్గా ఉంది. రాడ్నీకి అర్థమైపోయింది.

"ఓలియాండర్," అన్నాడు. నవ్వుతూనే, కాని ఈ నవ్వులో సరదా లేదు. "రెండు నెలలు నిన్ను ప్యాట్సీ వాళ్ళ వాకిట్లో దింపాను. నది అవతలిదానివన్నమాట. ఉంగరం ఇచ్చి దిగు."

"రాడ్నీ, నేను చెప్దామనే..."

"సీటు తుడుచుకోవాలి నేను. దిగు."

దారం చుట్టిన ఉంగరం వెంటనే రాలేదు. లాగి లాగి తీసి, అతని చేతికి ఇవ్వబోతే అతను చెయ్యి చాపలేదు. సీటు మీద పెట్టి దిగింది. తలుపు వెయ్యగానే షెవ్రొలే వెనక్కి ఉరికింది. ట్రే ఇంకా కిటికీకి ఉంది. అది పందిరి స్తంభానికి తగిలి ఊడిపోయింది. నాలుగు గాజు గ్లాసులు సిమెంటు మీద ముక్కలయ్యాయి. వెనక అద్దంలోంచి ఇద్దరు కుర్రాళ్ళు చేతులూపుతూ వెళ్ళారు.

లనెల్ గాజుపెంకుల మధ్య నిలబడింది. పాతిక కార్లలో ఉన్న కళ్ళన్నీ ఆ పిల్ల మీదే. వాటిలో సగం తన తరగతివాళ్ళవి.

ఆర్వల్ ట్రక్కు దగ్గరికెళ్ళి అవతలి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఇద్దరూ ఎక్కండి. ఇంక చాలు."

వెల్డా లోపలికెళ్ళి చీపురు, చేట తెచ్చింది. కూతురి పాదాల దగ్గర వంగింది.

"అమ్మా," అంది లనెల్. అందరికీ వినబడేలాగే అంది.

"ఇక్కడ నన్ను వెల్డా అంటారు."

"అమ్మా, నేను..."

"కాళ్ళు తియ్యి. గాజుంది."

లనెల్ వంగి చేట పట్టుకోబోయింది. వెల్డా దాన్ని మెల్లగా ఆ చేతిలోంచి లాక్కుంది. "ఇది నా పని."

పెంకులన్నీ తనే ఎత్తింది. ఆర్వల్ తెరిచిన తలుపు అలాగే పట్టుకుని ఉన్నాడు. గొంతు పెంచకుండానే అన్నాడు, "వెల్డా, నువ్వు ఇప్పుడు ఎక్కకపోతే ఈ రాత్రి ఇంటి తలుపుకి గడియ ఉంటుంది. నేను ఊరికే అనడం లేదు."

"తెలుసు. నువ్వేదీ ఊరికే అనవు."

ఆమె చేటలోని గాజు చెత్తడబ్బాలో ఒంపి, చేతులు కడుక్కుని, వంటగది కిటికీ దగ్గరికి వచ్చింది. పదకొండో నంబరు కారు లైట్లు వెలిగి ఆరాయి. డోరీన్ గ్లాసులు తుడుస్తోంది.

"డోరీన్, మీ ఇంటి వెనక గది అద్దెకిస్తానన్నావు. ఎవరైనా వచ్చారా?"

"రాలేదు. ఖాళీగానే ఉంది." డోరీన్ గుడ్డ భుజం మీద వేసుకుని బయటికి చూసింది. తడిసిన సిమెంటు మీద నీలం గౌను పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. ట్రక్కు వైపు ఒక్క అడుగు వెయ్యలేదు, ఇటు వైపూ వెయ్యలేదు. "ఒక్కదానికా, ఇద్దరికా?"

పదకొండో నంబరు లైట్లు మళ్ళీ వెలిగాయి. వెల్డా ఖాళీ ట్రే అందుకుని, "నాకు కావాలి. దాని సంగతి దాన్నే అడుగు," అని అటు నడిచింది.